ఏకాంబరం పీకేసిన గుమ్మడిపూలు

అనగనగా ఒక అడవి. అడవనగానే పులీ సింహం అనుకుని దుప్పట్లో దూరకండర్రా! ఈ అడవిలో అందరికీ పెరళ్ళున్నాయి. ఒకరు బెండ వేస్తారు, ఒకరు బీర పాకిస్తారు. సాయంత్రమైతే కంచె దగ్గర చేరి ఎవరి పురుగుల గోల వాళ్ళు చెప్పుకుంటారు. కార్తీకంలో వనభోజనాలనాడు ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు తెచ్చి, ఒకే గుండిగలో దప్పళం కాస్తారు. అడవిలో ఉండేవాళ్ళకి మళ్ళీ వనభోజనాలేమిటని నన్నడక్కండి. వాళ్ళ సరదా వాళ్ళది.

ఆ దప్పళానికి ప్రాణం తీపిగుమ్మడి. కానీ కిందటేడు వరదొచ్చి పెరళ్ళన్నీ ఊడ్చుకుపోయింది. తాబేలు తాయారు మామ్మ దగ్గర గుమ్మడిగింజలు రెండంటే రెండే మిగిలాయి. తొలకరి పడగానే మామ్మ ఒక గింజ ఎలుగుబంటి ఏకాంబరానికిచ్చింది. రెండోది అతని పక్కపెరటి కుందేలు కనకానికిచ్చింది.

“జాగ్రత్తర్రా! ఒక్క కాయ కాసినా చాలు, గింజలు అందరం పంచుకుందాం. కాయలేదో, మన అడవిలో ఇక గుమ్మడన్న మాటే ఉండదు,” అంది మామ్మ.

“నా చేతిలో పడ్డాక కాయకుండా ఎక్కడికి పోతుంది మామ్మా?” అన్నాడు ఏకాంబరం, లేని మీసం మెలేస్తూ.

ఉన్నమాట చెప్పుకోవాలి, కష్టపడ్డాడు. పేడెరువు వేశాడు, కలుపు తీశాడు, కడవలతో నీళ్ళు పోశాడు. శ్రావణం వచ్చేసరికి తీగ పెరడంతా పాకి పచ్చగా పూసింది. ఏకాంబరం ఒక్కో పూవునీ ఎత్తి కిందకి చూశాడు.

“ఇదేమిటి! ఒక్కదానికీ పిందె లేదు. వట్టి సోకు! నేను పోసే నీళ్ళన్నీ ఈ పనికిమాలిన పూలే తాగేస్తున్నాయన్నమాట!” అని పటపటా పీకేశాడు. మర్నాడు మళ్ళీ పూశాయి. మళ్ళీ పీకాడు.

అంతటితో ఊరుకుంటే ఏకాంబరం ఎందుకవుతాడు? ‘పాపం, కనకానికి పాదుల సంగతేం తెలుసు, సాయం చేద్దాం’ అనుకున్నాడు. పక్కపెరట్లో జొరబడి ఆ పూలూ పీకేశాడు. కనకం వచ్చి చూసి లబోదిబోమంది.

“అయ్యో మామా! నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“అడిగితే వద్దంటావనే అడగలేదే పిచ్చిదానా! రేపు కాయలు కాశాక నువ్వే దణ్ణం పెడతావు చూడు.”

ఆనాటినుంచి పొద్దున్నే రెండు పెరళ్ళూ చుట్టబెట్టడమే అతని పని. ఎలుగుబంటిని కుందేలు ఏం ఆపుతుంది చెప్పండి!

కొన్నాళ్ళకి పిందెలున్న పూలు వచ్చాయి. ఏకాంబరం ఎగిరి గంతేశాడు. మొదటి పిందె పసుపుపచ్చబడి రాలిపోయింది. ‘ఎండ దెబ్బ’ అని నీడ కట్టాడు. రెండో పిందే రాలిపోయింది. ‘నీళ్ళు చాల్లేదు’ అని మరో కడవ పోశాడు. మూడోదీ రాలిపోయింది. ‘దిష్టి తగిలింది’ అని పాత చెప్పు వేలాడదీశాడు. అడవిలో చెప్పెక్కడిదంటారా? వరదలో కొట్టుకొచ్చిందిలే! అయినా ఏ పిందే నిలవలేదు. కనకం పాదుదీ అదే గతి.

భాద్రపదం వెళ్ళిపోతోంది. ఆకులు పండిపోతున్నాయి. ఒకరోజు పొద్దున్నే ఏకాంబరం పాదుకి పిందెతో పూవు ఒకటి విచ్చుకుంది. ఇక మొగ్గలు లేవు, అదే ఆఖరిది. ఇదీ రాలిపోతే మామ్మకి మొహం ఎలా చూపించాలని అతను వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడే ఒక తేనెటీగ ఆ పూలో దూరి బయటికొచ్చింది.

“ఏమయ్యా, మగపూలేవీ?” అంది విసుగ్గా.

“మగపూలా? అవేమిటి?”

“పిందె లేకుండా పూసేవి! వాటి పుప్పొడి మా కాళ్ళకంటుకుని ఇందులో రాలితేనే పిందె నిలుస్తుంది. ఎవరో మహానుభావుడు రోజూ పీకేస్తున్నాడట. మా పట్టులో అందరూ తిట్టుకుంటున్నారు.”

ఏకాంబరం టపటపా లెంపలేసుకున్నాడు. “ఆ మహానుభావుణ్ణి నేనే తల్లీ!” అన్నాడు.

“సరిపోయింది! ఎండెక్కితే ఈ పూవు ముడుచుకుపోతుంది. ఈలోగా ఒక్క మగపూవైనా తెచ్చి, దాని పుప్పొడి ఇందులో అద్దుకో,” అని తేనెటీగ తుర్రుమంది.

ఏకాంబరం పక్కపెరటికి పరిగెత్తాడు. అక్కడ ముళ్ళకంచెలోకి దూరిన తీగకి ఒకే ఒక్క మగపూవుంది. అతని చెయ్యి పట్టని చోట పూసింది కాబట్టి బతికిపోయింది. కనకం దానికి అడ్డంగా నిలబడింది.

“వచ్చావా మామా? దీన్నీ పీకుదామనా?”

“కాదే అమ్మా, అడుగుదామని. తప్పయిపోయింది. ఏమీ తెలీకుండా పెత్తనం చేసి నీ పాదు కూడా నాశనం చేశాను. ఆ పూవిస్తే, దాని పుప్పొడి అద్ది నా పాదుకున్న ఆఖరి పిందె నిలబెట్టొచ్చట. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

‘ఇవ్వను ఫో’ అన్నమాట కనకం నోటిదాకా వచ్చింది. కడుపు మండిపోతోంది మరి! కానీ మామ్మ గింజ చేతిలో పెట్టినప్పుడు అన్నది తలుచుకుంది. గబుక్కున కంచెలోకి దూరింది. చెవికి ముల్లు గీరుకున్నా పూవు తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.

“మెల్లిగా నడు మామా, పుప్పొడి రాలిపోతుంది!”

పుట్టి బుద్ధెరిగాక మెల్లిగా నడవని ఏకాంబరం ఊపిరి బిగబట్టి మునివేళ్ళమీద నడిచాడు. పిందె ఉన్న పూవుని మోటు చేతులతో ముట్టుకోవడానికి భయమేసి, “నువ్వే కానీ తల్లీ,” అన్నాడు. కనకం మగపూవుని ఆ పూలో సుతారంగా అద్దింది.

ఇక ఏకాంబరం తిండీ నిద్రా మానేసి కాపలా కూర్చున్నాడు. పిందె రాలలేదు! ఉసిరికాయంతయింది, కొబ్బరికాయంతయింది, చివరికి అతని తలకాయంతయింది.

వనభోజనాలనాడు తాయారు మామ్మ కాయ కోయించింది. లోపల బోలెడు గింజలు! ఏకాంబరం మొదటి గుప్పెడు తీసుకెళ్ళి కనకం చేతిలో పోశాడు.

“గింజలు తీసుకుంటా గానీ మామా, నా పెరట్లోకి సాయానికి మాత్రం రాకు!” అంది కనకం.

అందరూ పడీపడీ నవ్వారు. ఏకాంబరం చెవులు వాల్చుకుని, “నువ్వు పిలిస్తేనే వస్తానే,” అన్నాడు.

నీతి: ఒకరు చేసే పని మన కంటికి కనపడనంత మాత్రాన వాళ్ళని పనికిరానివాళ్ళని తీసిపారెయ్యకూడదు.