రాజుగారి నడుము మీద తామర

అనగనగా అని నేనంటాను, ఊ కొట్టడం మీ వంతు. ఒక ఊళ్ళో వల్లభరాయుడని ఒక రాజుగారు. పొద్దున్నే కొట్టంలోకి పోయి బొల్లి దూడ మెడ నిమిరితేగాని ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఆ దూడ మెడ మీద వెంట్రుకలు ఊడి, గుండ్రంగా బిళ్ళలు బిళ్ళలుగా తామర లేచింది. తామరంటే నీళ్ళల్లో పువ్వు కాదర్రా, ఒంటి మీద దురద! దూడ మెడ నుంచి రాజుగారి చేతికి, చేతి నుంచి పంచెకి, పంచె నుంచి నడుముకి పాకింది. ఊ కొడుతున్నారా?

రాజుకి తామరేంటి, నలుగురూ వింటే నవ్వరూ? నడుముకి పట్టు దట్టీ చుట్టి బిగించి దాచేశాడు. సభలో దురదొస్తే సింహాసనానికి ఒళ్ళు రుద్దుకునేవాడు. రాణీగారికి కూడా చెప్పలేదు.

కొట్టం చూసే కోటయ్యకి చెంగమ్మని కొత్త కోడలొచ్చింది. దూడని కడిగేది ఆ పిల్లే, అందుకని పిల్ల మోచేతికీ తామర లేచింది. మంత్రి చూసి, ఈ పిల్లే రోగం తెచ్చింది, ఊరి బయటికి పంపెయ్యాలన్నాడు.

చెంగమ్మ ఏడవలేదు, రాజుగారి వైపు తిరిగింది. "దొరా, నేను కాపురానికొచ్చి నెల కాలేదు. దూడకి అంతకు ముందే ఉంది. తమరు రోజూ చూస్తున్నారు గదా, చెప్పండి" అంది.

రాజుకి తెలుసు. తెలిసీ తల దించుకుని, పంపెయ్యండి అన్నాడు. రోగం తెచ్చింది చెంగమ్మేననీ, తామరొచ్చినవాళ్ళు ఊరి బయటే ఉండాలనీ వీధి వీధీ దండోరా వేశారు. కోడలితోపాటు దూడనీ తోలేశారు. ఆ రోజునుంచి రాజుగారికి దురద కన్నా సిగ్గు ఎక్కువైపోయింది. కళ్ళు మూస్తే ఆ పిల్ల మొహమే.

పొలంగట్టు పాకలో చెంగమ్మ ఊరుకుందా? మెట్టతామరని పచ్చపూల చెట్టుంటుంది చూడండి, దాని ఆకు నూరి, నిమ్మరసం పిండి, దూడకి రాసింది, తను రాసుకుంది. కట్టిన బట్ట ఉడకేసి ఎండలో ఆరేసింది. నెల తిరిగేసరికి దూడకి నున్నగా వెంట్రుకలొచ్చాయి.

ఇక్కడ కోటలో రాణీగారి మెడకీ, పాకే పసివాడి బుగ్గకీ తామర లేచింది. తామరొచ్చినవాళ్ళు ఊరి బయటే ఉండాలన్నది రాజాజ్ఞ గదా! రాణీగారు పిల్లాణ్ణి చంకనేసుకుని వాకిలి దాటబోయింది.

అప్పుడు రాజు సభలో అందరి ముందూ దట్టీ విప్పేశాడు. "ముందొచ్చింది నాకు. నా ఇంట్లోవాళ్ళకి అంటించింది నేను. ఆ పిల్ల ఏ పాపం ఎరగదు" అన్నాడు. చెప్పులైనా లేకుండా పాక దాకా నడిచి వెళ్ళి, తలెత్తలేక నిలబడ్డాడు.

చెంగమ్మ ఆకు నూరి ఇచ్చింది. కానీ, "మందు మీకు, నా మీద పడ్డ మాట సంగతేంటి? వీధి వీధీ నన్ను రోగమన్నారు గదా" అంది.

రాజు డప్పు తన మెళ్ళోనే తగిలించుకున్నాడు. ప్రతి వీధిలో ఆగి, చెంగమ్మ తప్పు లేదు, తప్పు నాదే అని చాటాడు. గొంతు పూడుకుపోయినా ఒక్క వీధీ వదల్లేదు. అందరికీ నయమైంది. చెంగమ్మకి కొట్టం మీద పెత్తనమిచ్చారు.

అందుకనే చెప్తున్నా, ఒంటి మీద ఏది లేచినా దాచుకోకండి, అమ్మకి చూపించండి. ఇంకోళ్ళ మీదికి అసలు నెట్టకండి.

ఇక కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఎవరి దుప్పటి వాళ్ళే కప్పుకోండర్రా!