ఎదురు చెప్పే పెట్టె

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో కిరీటి అనే మెకానిక్ ఉండేవాడు. ఎంత మొండి ఇంజనైనా అతని చెయ్యి పడితే దారికొచ్చేది కానీ, తన మాటకు ఎవరైనా ఎదురు చెబితే మాత్రం అతను భరించలేకపోయేవాడు.

మామూలు కార్లను పందేలకు పనికొచ్చేలా మార్చడం అతని పని. పాలిటెక్నిక్‌లో తనతో చదువుకున్న సాల్మన్‌తో కలిసి షెడ్డు పెట్టాడు. సాల్మన్‌కు ప్రతిదీ అడిగి తెలుసుకునే అలవాటుండేది. ఈ బోల్టు ఎందుకు, ఆ పైపు ఇలా ఎందుకు తిప్పావు, ఇది వేడెక్కితే ఏమవుతుంది అని అడుగుతూనే ఉండేవాడు. మొదట్లో కిరీటి ఓపికగా చెప్పేవాడు. షెడ్డుకు పేరు వచ్చాక ఆ ప్రశ్నలు వింటే అతనికి విసుగు పుట్టేది. బండి ఇచ్చినవాళ్ళు ఏదైనా సందేహం అడిగినా, “నా మీద నమ్మకం లేకపోతే బండి తీసుకుపోండి” అనేసేవాడు. కొందరు నిజంగానే తీసుకుపోయారు. మిగిలినవాళ్ళు అడగడం మానేశారు. అడగడం మానేసినవాళ్ళంతా తనను నమ్ముతున్నారనే అతను అనుకునేవాడు.

కిరీటికి వైదేహి అని ఒక చెల్లెలు ఉండేది. తండ్రి పోయాక అతనే ఆమెను చదివించాడు, కారు నడపడమూ నేర్పించాడు. ఆమె ఓడరేవులో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో కార్ల పందేలకు వెళ్ళేది. కొండ దారి మీద ఆమె బండి నడుపుతుంటే చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడాది నీలబండ ఘాట్ రోడ్డు మీద జరిగే పందెంలో ఆమె బాగా నడిపితే, మరుసటి ఏడాదికి తమ జట్టులోకి తీసుకుంటామని ఒక పెద్ద జట్టువాళ్ళు కబురు పంపారు. చెల్లెలి కంటే అన్నకే ఎక్కువ సంబరమయింది. ఆమె బండిని తానే స్వయంగా తయారు చేస్తానన్నాడు.

ఆ బండికి అతను పెద్ద టర్బో అమర్చాడు. టర్బో అంటే చిన్న ఫ్యాను లాంటిది. ఇంజన్ వదిలే పొగ దాన్ని తిప్పితే, అది బయటి గాలిని ఇంజన్‌లోకి కుక్కి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ పోయాలి, నిప్పురవ్వ కూడా సరైన క్షణంలో పడాలి. ఈ లెక్కలన్నీ చూసుకునే కంప్యూటర్ పెట్టెను ఇంజన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. కంపెనీ ఇచ్చిన పెట్టెకు అంత పెద్ద టర్బోను సంభాళించే శక్తి లేదు. కొత్తది ఎంచుకోవాలి.

కోయంబత్తూరు నుంచి ఒక డీలరు రెండు రకాల పెట్టెలు తెచ్చాడు. రెండూ పెట్టి చూసుకుని, నచ్చింది ఉంచుకోమన్నాడు. మొదటిది చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఇంత గాలి, ఇంత పెట్రోలు అంటే అంతే, మారు మాట ఉండదు. రెండోది కూడా చెప్పింది చేస్తుంది గానీ, ఇంజన్‌ను ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటుంది. పెట్రోలు సరిగా అందకపోయినా, ఆయిలు తగ్గినా, లోపల ఏదైనా తేడాగా కొట్టుకుంటున్నా తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. రెండూ మంచివేననీ, పక్కన ఇంజనీర్లు కూర్చుని క్షణక్షణం గమనించే చోటికి మొదటిది చాలుననీ, బండిలో డ్రైవరు ఒక్కరే ఉండే కొండ దారికి రెండోది మేలనీ డీలరు చెప్పి వెళ్ళాడు.

ముందు రెండోది పెట్టి చూశారు. బండిని రోలర్ల మీదికి ఎక్కించి, నిలిచిన చోటనే చక్రాలు తిరిగేలా చేసి పరీక్షించారు. ఇంజన్ కాసేపు బాగానే గర్జించింది. బాగా వేడెక్కాక, సరిగ్గా పవర్ అందుకునే చోట ఉన్నట్టుండి నీరసపడిపోయింది. పెట్రోలు ఒత్తిడి పడిపోతోందని పక్కనున్న కంప్యూటర్ తెర మీద ఎర్రగా వచ్చింది. మళ్ళీ నడిపారు. మళ్ళీ అదే చోట అలాగే అయింది. పక్క షెడ్ల వాళ్ళు వచ్చి చూస్తున్నారు. కిరీటి ముఖం కందగడ్డలా అయింది.

సెన్సర్ తప్పు చూపిస్తోందని అతను తేల్చేశాడు. వేడెక్కినప్పుడు పంపు నిజంగానే చాలడం లేదేమో, ఒకసారి విప్పి చూద్దామని సాల్మన్ అన్నాడు.

“ఈ బండిని కట్టింది నేనా, ఆ పెట్టెనా?” అన్నాడు కిరీటి.

ఆ మధ్యాహ్నమే రెండోది పీకేసి మొదటిది పెట్టించాడు. బండి ఈసారి ఎక్కడా ఆగలేదు. తెర మీద పవర్ పెరుగుతూ పోతుంటే చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కిరీటి తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు. సాల్మన్ మాత్రం నవ్వలేదు.

“అది ఊరుకుందంటే లోపల అంతా బాగుందని కాదురా. దానికి చెప్పే నోరు లేదు, అంతే” అన్నాడు.

“నీకంత భయమైతే ఈ బండి మీద చెయ్యి వెయ్యకు” అన్నాడు కిరీటి, అందరూ వింటుండగానే.

సాల్మన్ చేతులు కడుక్కుని, షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకు అనకాపల్లిలో వాళ్ళ బావమరిది దుకాణంలో చేరాడని తెలిసింది. రెండు రోజులు పోతే తనే వస్తాడులే అనుకున్నాడు కిరీటి. అతను రాలేదు. పోయి పిలవడానికి కిరీటికి మనసొప్పలేదు.

పందెం ఎండాకాలంలో వచ్చింది. పొద్దున్నే, ఇంకా చల్లగా ఉండగానే, వైదేహి ఒకసారి కొండ ఎక్కి దిగింది. అందరికంటే వేగంగా ఎక్కింది. కిరీటి ఆనందంతో ఎదురెళ్ళాడు. ఆమె హెల్మెట్ తీసి, బండి చాలా బాగుందనీ, అయితే పై వంపుల దగ్గర ఏదో సన్నటి శబ్దం వచ్చిందనీ చెప్పింది. డబ్బాలో కందిపప్పు వేసి ఆడించినట్టు ఉందట. ఇంజన్‌లో పెట్రోలు వేళ కాని వేళ మండితే అలాంటి శబ్దమే వస్తుంది. కిరీటికి ఆ సంగతి తెలియనిది కాదు. కానీ చుట్టూ జట్టువాళ్ళున్నారు, పత్రికలవాళ్ళున్నారు. తాను కట్టిన బండికి వంక పెడుతుంటే అతని నుదురు ముడిపడింది.

“నువ్వు నడపడం చూసుకో. ఇంజన్ సంగతి నేను చూసుకుంటాను” అన్నాడు.

“సరే అన్నయ్యా” అంది వైదేహి.

అసలు పరుగు వేళకు ఎండ మండిపోతోంది. ట్యాంకులో పెట్రోలు కూడా వేడెక్కింది. వైదేహి మొదటి వంపులన్నీ గాలిలా దాటింది. కింద మైకులో ఆమె పేరు వినిపిస్తుంటే కిరీటి పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. కొండ సగం దాటాక పంపు ఇంజన్‌కు కావలసినంత పెట్రోలు అందించలేకపోయింది. పెట్టె మాత్రం తనకు చెప్పిన పని తాను చేస్తూనే ఉంది. కాసేపటికి కొండ మీద ఒక చప్పుడయింది. ఆ వెంటనే నల్లటి పొగ లేచింది.

పిస్టన్‌కు బొక్క పడి, ఆయిలు కాలుతున్న టర్బో మీద పడింది. పొగకు ముందు అద్దంలోంచి ఏమీ కనిపించలేదు. ఆయిలు చక్రాల కిందికి జారి బండి గిర్రున తిరిగింది. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. ఏదో అదృష్టం, అది కొండ వైపుకే వెళ్ళి గుద్దుకుంది. కాపలా ఉన్నవాళ్ళు పరిగెత్తి మంటలు ఆర్పి ఆమెను బయటికి లాగారు. మెడ కింద ఎముక విరిగింది. ప్రాణానికి ప్రమాదం లేదని డాక్టర్లు చెప్పేదాకా కిరీటి ఆసుపత్రి వరండాలో నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

చెల్లెలికి తెలివొచ్చాక పక్కన కూర్చుని ఏదేదో చెప్పాడు. ఎండ అంత ఉంటుందనుకోలేదన్నాడు. పెట్రోలు మంచిది కాదేమో అన్నాడు. పంపు తయారు చేసినవాళ్ళను తిట్టాడు. వైదేహి కళ్ళు మూసుకుని అంతా విన్నది. అతను ఆపాక మెల్లగా అంది.

“నాకు ఆ శబ్దం మళ్ళీ వినిపించింది అన్నయ్యా. పొద్దుటి కంటే గట్టిగా వినిపించింది. ఆపేద్దామని యాక్సిలరేటర్ మీంచి కాలు కూడా తీశాను.”

“మరి ఆపలేదేం?”

“ఆపితే నువ్వేమంటావోనని.”

 చెల్లెలు తనను నొప్పించడానికి అనలేదని కిరీటికి తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె చివరిసారి తనతో కాదని ఎప్పుడు అందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. చిన్నప్పుడు ప్రతిదానికీ పోట్లాడేది. చేపల పులుసు వద్దని కంచం నెట్టేసేది. గేరు ఇలా కాదు, అలా మార్చాలని తనకే చెప్పేది. ఆ పిల్ల ఎప్పుడు మాయమయిందో అతనికి తెలియలేదు. తన మాటను గౌరవిస్తోందనుకున్నాడు. ఆమె తనకు భయపడుతోందని, అందుకోసం ప్రాణం కూడా పణంగా పెట్టిందని ఇప్పుడు తెలిసింది. 

మర్నాడు కాలిపోయిన ఇంజన్‌ను షెడ్డుకు తెప్పించి ఒక్కడే విప్పాడు. పిస్టన్ మైనంలా కరిగి బొక్క పడి ఉంది. పంపు తీసి వేడి చేసి పరీక్షించాడు. ఒత్తిడి పడిపోయింది. ఆ రోజు ఎర్రగా తెర మీద వచ్చినదాంట్లో అబద్ధమేమీ లేదు.

అతను బస్సెక్కి అనకాపల్లి వెళ్ళాడు. సాల్మన్ అప్పటికే ఆసుపత్రికి వెళ్ళి వైదేహిని చూసి వచ్చాడట, కిరీటి లేని వేళ చూసుకుని. ఇద్దరూ దుకాణం బయట టీ తాగారు. తాను చేసింది తప్పేననీ, సాల్మన్ చెప్పిందే నిజమనీ, తిరిగి రమ్మనీ కిరీటి అడిగాడు. సాల్మన్ గ్లాసు కింద పెట్టాడు.

“ఈసారి నేను చెప్పింది నిజమయింది కాబట్టి వచ్చావు. రేపు నేను చెప్పింది తప్పయితే?” అన్నాడు.

 కిరీటి కావాలంటే తియ్యగా ఏదో ఒకటి అనవచ్చు. కానీ ఆసుపత్రిలో చెల్లెలి మాట విన్నవాడికి అలాంటి మాట నోట రాలేదు.

“నాకు తెలియదురా. నేర్చుకోవాలి” అన్నాడు.

సాల్మన్ అప్పుడు సరే అనలేదు. వారం పోయాక షెడ్డుకు వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని పనిలోకి దిగాడు.

వైదేహి కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆ పెద్ద జట్టువాళ్ళు వేరే డ్రైవరును తీసుకున్నారు. బండిని ఇద్దరూ కలిసి మళ్ళీ కట్టారు. పెద్ద పంపు వేశారు. ఇంజన్‌ను కనిపెట్టుకుని ఉండే రెండో రకం పెట్టెనే అమర్చారు. బండి పవర్ మునుపటి కంటే కాస్త తగ్గింది. అది చూసి ఆటోనగర్‌లో కొందరు నవ్వారు. కిరీటికి బాధ కలగలేదంటే అబద్ధం. కానీ దాన్ని దిగమింగుకున్నాడు.

మరుసటి ఏడాది వైదేహి మళ్ళీ నీలబండ ఘాట్‌లో పందేనికి దిగింది. మొదట ప్రతి వంపుకూ ముందే బ్రేకు తొక్కింది. రెండు మూడు వంపులు దాటాక కుదుటపడింది. పై వంపుల దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందంజలో ఉందని మైకులో చెప్పారు. అంతలో బండి ఆగిపోయింది. ఆమే పక్కకు తీసి ఆపేసిందని కబురొచ్చింది.

కిరీటి, సాల్మన్ జీపెక్కి పైకి వెళ్ళారు. కటకటమని ఏదో శబ్దం వినిపించిందని వైదేహి చెప్పింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. సాల్మన్ బండిలోని తెర చూశాడు, అన్నీ సరిగానే ఉన్నాయి. బానెట్ ఎత్తి చూశారు, ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. చివరికి కిరీటి బండి కింద దూరి చూస్తే, చక్రం వెనుక రేకులో ఇరుక్కున్న చిన్న గులకరాయి దొరికింది. చప్పుడు చేసింది అదే.

అక్కడున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. గెలిచే పందెం గులకరాయి పాలయింది. వైదేహి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆ రాయిని చూడలేదు, అన్న ముఖాన్ని చూస్తోంది. కిరీటి గుండెల్లో పాత కోపం ఒక్కసారి భగ్గుమని లేచింది. అది నోటి దాకా వచ్చింది కూడా. సాల్మన్ కూడా అతని వైపే చూస్తున్నాడు.

కిరీటి రాయిని లోయలోకి విసిరేసి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

“మంచి పని చేశావమ్మా. మళ్ళీ ఎప్పుడు అనుమానమొచ్చినా ఇలాగే ఆపు” అన్నాడు.

వైదేహి కళ్ళు తుడుచుకుంది. తర్వాత, కిందికి బండిని తనే నడుపుతాననీ, అన్న పక్కన కూర్చుని గేర్ల గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదనీ అంది. అతను నవ్వి తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

నీతి: మనం చెప్పినదానికల్లా తల ఊపేవాళ్ళు మనకు సంతోషాన్ని మాత్రమే ఇస్తారు, ‘ఆగు’ అని చెప్పగలిగినవాళ్ళు మనల్ని కాపాడతారు, వాళ్ళ మాట ఒక్కోసారి తప్పయినా సరే, ఆ మాట చెప్పే ధైర్యాన్ని మనం చంపకూడదు.