నీళ్ళు ఎత్తుకున్న పడవ

సత్తార్ బాబా టోపీని మేక తీరిగ్గా నములుతుంటే చూసి కరీముల్లా పగలబడి నవ్వాడు. నవ్వి, ఠక్కున నోరు మూసుకున్నాడు. పొద్దున్నుంచీ హలీమా ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

హలీమా అతని భార్య. ఆమె పోయాకే కృష్ణ ఒడ్డునున్న ఈ ఫకీరు పాకకు వచ్చి శిష్యుడయ్యాడు. కొందరు లేవగానే మీసం చూసుకుంటారే, అలా రోజూ గుండెలో బరువు ఎంతుందో చూసుకునేవాడు.

సాయంత్రం బాబా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను వెళ్ళిపోతాను బాబా. ఆమె సమాధి పక్కనే పడి ఉంటాను. ఇక్కడ నా ప్రేమ కరిగిపోతోంది."

"ఏమాత్రం కరిగింది బేటా?"

"వచ్చినప్పుడు మణుగు బరువుండేది. ఇప్పుడు సేరు కూడా లేదు."

"అబ్బో, కిరాణా కొట్టు పెట్టుకోవాల్సినవాడివి!" బాబా మేక మిగిల్చిన టోపీనే నెత్తిన పెట్టుకుని లేచాడు. "బస్తాలో సరుకెంతో అదొక కొలత. అది నీ భుజాన్ని ఎంత లాగుతోందో అది వేరే కొలత. రెంటినీ ఒకే రాయితో తూచేశావు. పద."

రేవులో గుమ్మడికాయలు నింపిన పడవ ఉంది. పడవవాడు గట్టు మీద టీ తాగుతున్నాడు. బాబా అతనితో చెప్పి తాడు విప్పించాడు.

"దీని బరువు ఇప్పుడు ఎవరి మీదుంది?"

"నీళ్ళ మీద."

"మరింకేం, మన వరకు దూదిపింజే! వేలితో తొయ్యి."

కరీముల్లా వేలితో తోశాడు. కదిలినట్టే లేదు. అరచెయ్యి పెట్టాడు. చివరికి భుజం ఆనించి, మడమలు బురదలో దిగబడేలా నెడితే, పడవ బద్ధకంగా కదిలింది.

"ఇక ఆపు!" బాబా అరిచాడు.

కరీముల్లా పడవ అంచు పట్టుకున్నాడు. పడవ వింటేనా! మోకాలి లోతు, నడుం లోతు, అతన్నే వెంట లాక్కుపోయింది.

"సాయిబూ, లుంగీ జాగ్రత్త!" అన్నాడు పడవవాడు, టీ గ్లాసు దించకుండానే.

రొమ్ముల లోతులో, పళ్ళ బిగువున, ఎట్టకేలకు ఆపాడు.

ఒడ్డున బాబా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వు ఆగాక మెల్లగా అడిగాడు.

"నీళ్ళు ఎత్తుకున్నాయి సరే. కాయలెవరైనా దించారా బేటా?"

కరీముల్లా తడి చెక్కకు చెంప ఆనించి, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినంత మామూలుగా, "హలీమా" అన్నాడు.