తలుపు లేని పోలమ్మ గుడి

ఉప్పుటేటి ఒడ్డున, ఉప్పుమళ్లకు ఎగువనున్న మెరక మీద పోలమ్మ తల్లి గుడి ఉంది. ఈ గుడికి తలుపులు లేవు. లోపలి గోడకు మాత్రం, పసిపిల్లలకు అందేంత ఎత్తులో, ఒక ఇనుప గడియ బిగించి ఉంటుంది. అమ్మవారి కుడిచేయి పైకి చాచి ఉండటం చూసి కొత్తవారు అభయహస్తమనుకొని దణ్ణం పెట్టుకుంటారు. అనుకోనివ్వండి, కథ తెలిశాక ఎలాగూ అలా అనుకోలేరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, రాతి బడి ఉండేది. సోమిదేవయ్య అనే అయ్యవారు అందులో చదువు చెప్పేవారు. ఆ సీమనేలే దొరగారు బడిపిల్లల చేత దేశప్రతిజ్ఞ చేయించి, దాని అర్థం తానే స్వయంగా అడుగుతానని కబురు పెట్టారు. పిల్లలు తడబడితే బడి మూతపడుతుంది. బడి తప్ప వేరే లోకం ఎరుగని అయ్యవారికి కంటిమీద కునుకు కరువైంది. చాచిన చేయి దించకూడదని, మొదలుపెట్టిన ప్రతిజ్ఞ మధ్యలో ఆపితే దేశానికే అరిష్టమని పిల్లలకు నూరిపోశారు. 'ఈ నేల మీది వారంతా నా తోబుట్టువులు' అనే మాటకు అర్థం అడిగితే ఏం చెప్పాలో కూడా ఆయనే వల్లె వేయించారు.

ఉప్పుమళ్లలో పనిచేసే గంగులమ్మ కూతురు పోలి, బడిలో అందరికన్నా చిన్నది.

"అయ్యోరూ, మా ఉప్పుమళ్లోళ్లు గూడా అందులో ఉన్నట్టేనా?" అని అడిగింది.

"అందరూ అంటే అందరూనే. దొరగారి ముందు ఇలాంటివి అడగకు," అన్నారాయన.

దొరగారు రావలసిన రోజుకు ముందురోజు సాయంత్రం గాలివాన పట్టుకుంది. అయ్యవారు తలుపు గడియ వేసి, చివరిసారిగా ప్రతిజ్ఞ మొదలుపెట్టించారు. సగంలో ఉండగా తలుపు మీద దబదబా చప్పుడైంది. ఉప్పెన తరుముకొస్తుంటే ఉప్పుమళ్ల వాళ్లు మెరక మీది బడికి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యోరూ, మాయమ్మ పిలస్తా ఉంది," అంది పోలి.

"పూర్తి కానీ," అన్నారు అయ్యవారు.

పోలి వరుస తప్పి తలుపు దగ్గరికి పోయి చేయి చాచింది. గడియ అందలేదు. తక్కినవాళ్లు చెప్పిన మాట వినే పిల్లలు, ఒక్కరూ కదల్లేదు. ఇంకెంత, రెండు మాటలే కదా అనుకున్నారు అయ్యవారు. ప్రతిజ్ఞ ముగించి ఆయన గడియ తీసేసరికి మెట్ల మీద నీళ్లు తప్ప ఎవరూ లేరు. అమ్మా అంటూ పోలి ఆ నీళ్లలోకి దిగిపోయింది. పట్టుకోబోతే ఆయన చేతికి అందలేదు.

దొరగారు రానేలేదు. అయ్యవారికి కలలో పోలి కనిపించి, "నాకు తలుపు పెట్టబాకండి అయ్యోరూ," అంది. తప్పు కాయమని ఆయన ఆ పిల్ల కాళ్ల మీద పడబోయేసరికి మెలకువ వచ్చింది. ఉప్పెన తీశాక ఉప్పుమడిలో, చేయి చాచిన రాతిబొమ్మ ఆయనకు దొరికింది. దాన్ని బడిలోనే నిలిపి, తలుపులు ఊడదీసి, గడియను గోడకు కిందుగా బిగించారు. బతికినన్నాళ్లూ గడప దగ్గరే కూర్చుని ఎదురుచూశారు. ఎవరూ రాలేదు.

నేటికీ చుట్టుపక్కల ఉపాధ్యాయులు ప్రతిజ్ఞ అర్థం చర్చించే ముందు పిల్లలను ఇక్కడికి తీసుకొస్తారు. ఒక్కొక్కరూ గడియ తీస్తారు. తోబుట్టువుల మాట వరకు చెప్పి ఆగి, గడప వైపు తిరుగుతారు. బయటినుంచి ఎవరైనా వచ్చి తమ మధ్య కూర్చుంటేనే మిగతాది చెప్పాలని ఆచారం. అమ్మను కొలిచిన పిల్లలకు చదువు అబ్బుతుందని నమ్మకం. ఉప్పుమళ్ల వాళ్లు కూడా ఆ రోజు వస్తారు. గడప దాకా వచ్చి బయటే నిలబడతారు. పిల్లలు రమ్మని పిలుస్తారు. ఈ గుడిలో ప్రతిజ్ఞ ఇంతవరకు ఒక్కసారీ పూర్తికాలేదు.