చేయి కడిగిన మహారాజు

ముందు మీరు చెప్పండి. నలుగురు కూడిన చోట పెద్ద వాదం నడుస్తుంటే మీరు ఏం చూశారు? గొంతు చించుకుని అరిచినవాణ్ణి చూశారా? ఆ అరుపుకు చప్పట్లు కొట్టినవాణ్ణి చూశారా? లేక ఆ గొడవలో ఎవడి నోటి దగ్గర ముద్ద జారిపోతోందో వాణ్ణి చూశారా? దాచకుండా చెప్పండి. చాలామంది మొదటి ఇద్దర్నీ చూసి, అదే లోకమనుకుని ఇంటికి పోతారు. అందుకే ఈ కథ ఆ మూడోవాడి పక్కన నిలబడి చెప్పవలసి వస్తోంది.

ఒకానొక రాజ్యం, పేరు మేలుకొండ. ఆ రాజ్యమూ, చుట్టూ ఉన్న మరో ఐదు రాజ్యాలూ కలిసి తాతల నాడు ఒక కూటమి కట్టుకున్నాయి. ఆరుగట్ల కూటమి అనేవారు. ఒక రాజ్యంవాడు ఇంకో రాజ్యంలో అడ్డూ ఆపూ లేకుండా తిరగవచ్చు, సేద్యం చేసుకోవచ్చు. దొంగలు పడితే ఆరుగురూ కలిసి తరమాలి. కాలువ పూడితే ఆరుగురూ కలిసి తియ్యాలి. ఏడాదికోసారి ఆరుగురు రాజులూ ఒక చోట కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకోవాలి.

ఆ కూర్చోవడమే మేలుకొండ రాజు చండభూపాలుడికి గిట్టేది కాదు. ఇంటి దగ్గర ఏడు మెట్ల సింహాసనం, అక్కడ మిగతా ఐదుగురితో సమానంగా ఈత చాప! పైగా ఆయన ఒకటంటే వాళ్ళు ఐదంటారు.

ఆస్థాన పండితుడు సోమయాజులు ఆ మంటను ఆరనిచ్చేవాడు కాదు. "ప్రభూ, తమరు లేకపోతే ఆ కూటమి ఎక్కడిది? తలకాయ లేని మొండెం!" అనేవాడు రోజూ.

సభ రెండుగా చీలింది. పోదామని సగం, ఉందామని సగం. పోట్లాట భరించలేక రాజు దండోరా వేయించాడు. ఇంటికొక గులకరాయి. పోదామనేవారు ఒక కుండలో, ఉందామనేవారు ఇంకో కుండలో వేయాలి. లెక్కపెడితే పదకొండు రాళ్ళ తేడాతో 'పోదాం' గెలిచింది.

పోవడం తప్పని ఈ కథ అనదు. ఉండటమే గొప్పనీ అనదు. జనం మాట జనం మాటే. తంటా అంతా తర్వాత వచ్చింది. పోదామన్నవాళ్ళలో ఒక్కొక్కడి మనసులో ఒక్కొక్క పోవడం ఉంది! ఒకడు గోడ కట్టమన్నాడు. ఒకడు గోడ కట్టి గుమ్మం పెట్టమన్నాడు. ఇంకొకడు గుమ్మం మనవైపు నుంచి మాత్రమే తెరుచుకోవాలన్నాడు. రెండేళ్ళు సభలో అదే వాదం. వాదించేవాళ్ళకు పూటపూటకీ మజ్జిగ, వడపప్పు. వాళ్ళకేం పోయింది?

ఆ మజ్జిగ అందించేవాడు ఓబన్న. కోటలో వడ్డనల పెద్ద. భోజనాల బంతిలో ఎవరికి ఏది ఇష్టమో, ఎవరికి ఏది పడదో అతనికి తెలిసినట్టు వాళ్ళ ఇల్లాళ్ళకు కూడా తెలియదు.

ఓబన్న అక్క గంగమ్మకు కొంగలేటి అవతల రెండెకరాల జొన్నచేను ఉంది. అవతలి ఒడ్డు పొరుగు రాజ్యానిది. ఈ ఒడ్డు ఊళ్ళలో మూడు వందల ఇళ్ళవాళ్ళు అలాగే ఏరు దాటి సేద్యం చేసేవారు. ఒకనాటి ఉదయం గంగమ్మ పిట్టలను తోలే వడిసెల భుజాన వేసుకుని నేరుగా కోట వంటశాలకే వచ్చింది.

"ఒరే తమ్ముడూ, వచ్చే పంచమికి రేవు మూస్తారటగా? నా జొన్న ఇప్పుడే పాలు పోసుకుంటోంది. ఇంకా నలభై రోజులు కావాలి. పిట్టలకు వదిలేసి రమ్మంటావా?"

"అక్కా, నువ్వు పోదామన్న కుండలోనే కదా రాయి వేశావు?"

"వేశాను. మళ్ళీ అడిగినా అందులోనే వేస్తాను. అవతలి కాలువ పెద్ద పెత్తనం నువ్వు పడ్డావా, నేను పడ్డానా? కానీ ఇల్లు మారదామంటే పొయ్యి మీద అన్నం వదిలేసి పోదామనా అర్థం? నీ రాజుకు ఆ మాత్రం తెలియదా?"

"మెల్లగా అక్కా!"

"మెల్లగా చెబితే ఎవడు విన్నాడు? మజ్జిగ పోసే చెయ్యి నీది. ఆ చెంబు అందించేటప్పుడు ఈ ముక్క కూడా అందించు" అని వెళ్ళిపోయింది.

ఆ రోజే సభలో సోమయాజులు పత్రం విప్పాడు. దాన్ని అందుకోవడానికి కూటమి రాయబారి మల్లపరాజు కూడా వచ్చి కూర్చున్నాడు. ముసలాయన, మాట తక్కువ మనిషి.

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. "రాబోయే పంచమి నాడు, దివ్యమైన ముహూర్తాన, ఆరుగురు రాజులూ కూర్చున్న చోటి నుంచే లేచి మనం కూటమిని విడిచిపెడుతున్నాం. ఆ తర్వాత వారి సభకు పోము. వారి కాలువ తియ్యము. వారి దొంగలను తరమము. అయితే వారి కాలువ నీరు మనకు ఎప్పటిలాగే వస్తుంది. మన దొంగలను వారు ఎప్పటిలాగే తరుముతారు. ఎందుకంటే మనం లేనిదే వారికి గతి లేదు!"

సభ దద్దరిల్లింది. రాజు మీసం దువ్వాడు. ఓబన్న చెంబుతో అక్కడే నిలబడి ఉన్నాడు. అక్క అందించమన్న ముక్క గుర్తొచ్చింది.

"శాస్త్రులవారూ, చిన్న సందేహం" అన్నాడు. "అవతలి ఒడ్డున మూడు వందల ఇళ్ళవాళ్ళ జొన్న నిలబడి ఉంది, కోతకు ఇంకా నలభై రోజులుంది. అది ముహూర్తం చూసుకుని పండుతుందా?"

సోమయాజులు అటు తిరగనైనా తిరగలేదు. "గరిటె పట్టేవాడికి రాజతంత్రం ఎందుకోయ్? పంట కోసుకోనిస్తారు. కోసుకోనివ్వక ఏం చేస్తారు?"

"వాళ్ళను అడిగారా స్వామీ?"

"అడగడమా! అడిగితే మనం తగ్గినట్టు కాదూ?"

రాజుకు కోపం వచ్చింది. "ఓరీ ఓబన్నా! శాస్త్రులవారి పత్రంలో తప్పుందంటావా?"

"నేను అంటే ఏం లాభం ప్రభూ? ఏలినవారు అనాలి."

"నేనా!" రాజు పకపకా నవ్వాడు. "సరే, విను. రేపు మధ్యాహ్నం బంతి ముగిసేలోగా ఈ పత్రం తప్పని నా నోటితోనే అనిపించు. అనిపించావా, కోత దాకా ఆగుతాను. లేకపోతే పంచమి దాకా కూడా ఆగను. రేపు సాయంత్రమే రేవు మూయిస్తాను. నువ్వు రేపటి నుంచి గరిటె వదిలి గొడ్డలి పట్టి కట్టెలు కొట్టుకో."

సభ మళ్ళీ నవ్వింది. ఓబన్న నవ్వలేదు. మూడు వందల ఇళ్ళ పంట, అతని తొందర నోటి వల్ల, ఒక్క పూట భోజనానికి వేలాడుతోంది.

మేలుకొండ కోటలో బంతికి ఒక కట్టుబాటు ఉంది. అందరూ కలిసి కూర్చోవాలి, కలిసి లేవాలి. మధ్యలో లేవాల్సి వస్తే బంతిలో పెద్దలను అడిగి, వాళ్ళు సరేనంటే లేవాలి. అలా లేచినవాడికి మిగతా వడ్డన దొప్పలో కట్టి ఇస్తారు. అడగకుండా లేచి చేయి కడిగాడా, ఆ క్షణమే ఆకు ఎత్తేస్తారు. ఇక ఆ పూట వాడికి ఆ బంతిలో మెతుకు లేదు. రాజైనా సరే, బండి తోలేవాడైనా సరే. చండభూపాలుడి ముత్తాత పెట్టిన కట్టు అది.

మర్నాడు బంతి కూర్చుంది. రాజు, పక్కన సోమయాజులు, ఎదురుగా మల్లపరాజు, తర్వాత కొలువులోని మిగతావారు. ముద్దపప్పు, గోంగూర, కంద పులుసు, మిరియాల చారు వరసగా వస్తున్నాయి. బొబ్బట్లు మాత్రం రాలేదు. రాజుకు బొబ్బట్లంటే ప్రాణం. ఓబన్న వాటిని కావాలనే వెనక్కి పెట్టాడు.

రాజు నాలుగు ముద్దలు తిని వెటకారంగా అన్నాడు. "ఏరా, సగం బంతి అయింది. నా నోటితో ఏమీ అనిపించలేదే?"

"నా వల్ల ఎక్కడవుతుంది ప్రభూ, ఓడిపోయినట్టే" అన్నాడు ఓబన్న దిగులు మొహంతో. "గొడ్డలి నూరుకుంటాను. ఒక్క కోరిక మిగిలింది. పంచమి నాడు ఆ ఐదుగురు రాజుల మధ్య నుంచి తమరు సింహంలా లేచి వస్తారు కదా. కొలువులో పెద్దలు చూస్తారు. వంటవాళ్ళం, మాకు ఆ భాగ్యం ఏది?"

రాజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఎలా లేస్తానో చూడాలనుందా?"

"తలవంచుకుని లేస్తారేమోనని మావాళ్ళు కొందరు అనుకుంటున్నారు ప్రభూ."

"తలవంచుకునా!"

సోమయాజులు ఆగలేకపోయాడు. "చూపించండి ప్రభూ! ఈ రాయబారి కూడా చూసి వెళ్ళి చెప్పుకుంటాడు. తమరి వెనక నేనూ లేస్తాను."

చండభూపాలుడు దిగ్గున లేచాడు. సోమయాజులు కూడా పంచె సర్దుకుంటూ లేచాడు. రాజు ఎడమ చేత్తో మీసం మెలేసి, మల్లపరాజు వంక చూస్తూ గర్జించాడు.

"ఓ రాజులారా! మీ చాప మీకే ఉంచుకోండి! నేను ఎవరినీ అడిగి రాలేదు, ఎవరినీ అడిగి పోను!"

"శభాష్! మరి ఎంగిలి చేత్తోనే వచ్చేస్తారా ప్రభూ?" అన్నాడు ఓబన్న.

"ఎంగిలి చెయ్యేమిటి! మీ పొత్తును ఇదిగో, ఇలా కడిగేసుకుంటున్నాను! నీళ్ళు పోయ్!"

ఓబన్న చెంబు వంచాడు. రాజు ధారాళంగా చేయి కడిగాడు. సోమయాజులు కూడా కడిగాడు. బంతి అంతా చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగేసరికి రాజు ముందు ఆకు లేదు. సోమయాజులు ముందూ లేదు. ఉత్త నేల. సరిగ్గా అప్పుడే వంటశాల తలుపు తెరుచుకుంది. నెయ్యి ఓడుతున్న వేడి బొబ్బట్లు పళ్ళేలనిండా వచ్చాయి. యాలకుల వాసన బంతి నిండా పరుచుకుంది. వడ్డించేవాళ్ళు రాజును దాటి మల్లపరాజు ఆకులో రెండు వేశారు.

రాజు కూర్చోబోయి ఆగాడు. "నా ఆకేది?"

"చేయి కడిగారు కదా ప్రభూ. ఎత్తేశాం."

"నేను ఊరికే లేచి చూపించానురా!"

"ఆకు ఎత్తేవాడికి ఊరికే లేచిందీ, నిజంగా లేచిందీ తెలియదు ప్రభూ. చేయి తడిసిందా లేదా, అదొక్కటే చూస్తాడు."

"కొత్త ఆకు వెయ్యి!"

"కట్టుబాటు ముత్తాతగారిది. తమరు ఎవరినీ అడగలేదు. అడిగి లేచి ఉంటే దొప్పలో కట్టి ఇచ్చేవాళ్ళం."

మల్లపరాజు బొబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకుని, "వేడి మీదే బాగుంటుందండీ" అన్నాడు నెమ్మదిగా. వడ్డించేవాడు ఆయన ఆకులో ఇంకొకటి వేశాడు.

అది చూసి రాజుకు నషాళానికి అంటింది. కాలు నేలకేసి కొట్టి అరిచాడు. "ఒరే, నేను బంతిలోంచి లేచాను గానీ బొబ్బట్లలోంచి లేవలేదురా! చేయి కడిగినంత మాత్రాన వడ్డన ఆపేస్తారా?"

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, నిన్న శాస్త్రులవారు అరగంట చదివిన పత్రం ఇదే. తమరు ఒక్క ముక్కలో చెప్పారు. దీన్ని ఒప్పు అనమంటారా, తప్పు అనమంటారా? ఒప్పయితే ఇప్పుడే ఆకు వేస్తాను. కట్టుబాటు పోతే పోనీ."

సోమయాజులు నోరు తెరిచాడు. "ప్రభూ, కూటమి వేరు, బొబ్బట్లు వేరు..."

"నువ్వుండవయ్యా!" అన్నాడు రాజు. తడి చేతిని చూసుకున్నాడు. ఉత్త నేలను చూశాడు. మల్లపరాజు వేళ్ళ మీద కారుతున్న నేతిని చూశాడు. తన మాట తనకే మళ్ళీ వినపడింది కాబోలు, ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆఖరికి గోడ పట్టుకుని నవ్వాడు.

"తప్పేరా! తప్పే! లేచినవాడికి వడ్డన ఉండదు. నా నోటితోనే అనిపించావు కదరా దొంగా!"

అప్పుడు ఆ రాజు ఒక మంచి పని చేశాడు. గర్వం ఉన్నవాడికి అది ఎంత కష్టమో గర్వం లేనివాళ్ళకు తెలియదు. నేల మీద మల్లపరాజు ఎదురుగా కూర్చుని అడిగాడు. "రాయబారిగారూ, మా జనం పోదామన్నారు. పోతాం. కానీ మావాళ్ళ పంట మీ ఒడ్డున ఉంది. నలభై రోజులు ఆగితే మీకు అభ్యంతరమా?"

"రెండేళ్ళుగా ఈ మాట కోసమే తిరుగుతున్నానండీ" అన్నాడు మల్లపరాజు. "కోత మాకూ ఉంది. మీ కూలీలు రాకపోతే మా జొన్న ఎవరు కోస్తారు? ఆగుదాం. ఆలోగా ఒక్కొక్కటీ కూర్చుని తేల్చుకుందాం. ఏది పోతుందో, ఏది ఉంటుందో మీ జనానికి మీరు చెప్పండి, మా జనానికి మేం చెబుతాం." అని తన ఆకు పక్కనున్న పళ్ళెంలోంచి బొబ్బట్టు ఒకటి దొప్పలో పెట్టి ఇచ్చాడు.

రాజు దాన్ని రెండుగా తుంచి సగం సోమయాజులు చేతిలో పెట్టాడు. పండితుడు దిగమింగలేక దిగమింగలేక తిన్నాడు. బొబ్బట్టును కాదు, అవమానాన్ని.

తర్వాత రాజు తన చేతి కడియం తీసి ఓబన్నకు తొడిగాడు. "ఇంకేం కావాలో అడుగు."

"ఇకపై పత్రం రాసేటప్పుడు, దానివల్ల పొలం పోయేవాళ్ళను పది మందిని పక్కన కూర్చోబెట్టుకోండి ప్రభూ. వాళ్ళకూ మజ్జిగ నేనే పోస్తాను."

"సరే. ఆ పది మందిలో మొదట ఎవరిని పిలవమంటావు?"

"మా అక్కను. కానీ ఏలినవారు కాస్త చెవులు మూసుకోవాలి."

నలభై రోజులు ఆగారు. జొన్న కోశారు. ఈ ఒడ్డువాళ్ళు అవతల కోశారు, అవతలివాళ్ళు ఇవతల మోశారు. గంగమ్మ సభలో కూర్చుని కాలువ సంగతి అడిగింది, దొంగల సంగతి అడిగింది. సోమయాజులుకు సమాధానం తోచకపోతే, "తెలియదని చెప్పండి సామీ, నోరేం అరిగిపోదు" అంది. ఆయనకు ఆ మాట చెప్పడం మెల్లమెల్లగా అలవాటైంది. కాలువ నీటికి ఒక ఏర్పాటు కుదిరింది. దొంగలను తరిమేందుకు ఇంకో ఏర్పాటు కుదిరింది. కొన్ని పోయాయి. పోయినవాటి గురించి ఇళ్ళల్లో బాధపడ్డారు గానీ మోసపోయామని మాత్రం ఎవరూ అనలేదు.

చివరికి ఒకే ఒక్క ముడి మిగిలింది. ఏటి మీద తిరిగే పడవ. దాని చెక్క అవతలి అడవిది. దాని మేకులు ఇవతలి కొలిమివి. నడిపే సరంగు అవతల పుట్టి ఇవతల ఇల్లరికం వచ్చినవాడు. పడవ మాదంటే మాదని రెండు ఒడ్లవాళ్ళూ ఆ పడవలోనే కూర్చుని, ఒకరి రొట్టె ఒకరు తింటూ వాదించుకున్నారు. ఈసారి ఎవరూ అరవలేదు.

ఇక చెప్పవలసింది మీరు. ఆ పడవను ఏ ఒడ్డున కట్టమంటారు?