ఒక కామ, ఏడు తలలు

అనగా అనగా, ఎప్పటి మాటో అడగకండి, ఒక కొండ, ఆ కొండకు ఒక రాజు. పేరు చిత్రధ్వజుడు. ఆయనకు ఏనుగుల మీద మోజు లేదు, యుద్ధాల మీద మోజు లేదు. మోజంతా తోటల మీదే. కొండ నెత్తిన పూలు, పండ్లు కలిసి కాసే తోట ఒకటి వేయించాలని ఆయన కోరిక.

ఆ పనిని నలభై తోటమాలి కుటుంబాలకు అప్పగించాడు. వాళ్ళకు పెద్ద గురవమ్మ. మనిషి పొట్టి, మాట గట్టి.

"మృగశిర కార్తె నాటికి మళ్ళన్నీ సిద్ధం కావాలి. కాకపోతే పొరుగు దేశం వాళ్ళను రప్పించుకుంటాను. మీరు వేరే బతుకు చూసుకోండి" అన్నాడు రాజు. కోపంగా అనలేదు. రాజులకు కోపం అక్కరలేదు, మాట చాలు.

కొండకు మూడువందల అరవై మెట్లు. ఒక్కొక్కరికి ఏడు పనిముట్లు కావాలి. తవ్వడానికి పార, కలుపుకు బొరిగె, మట్టి చదును చేయడానికి దంతె, కొడవలి, కొమ్మకత్తి, గొడ్డలి, పైకొమ్మలు అందుకోవడానికి దోటి. ఏడింటికీ ఏడు కామలు. కామ అంటే పనిముట్టుకు తొడిగే కర్ర. ఏడు కామల మోపు భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి సగం పొద్దు పోయేది, సగం ప్రాణం పోయేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కామ విరిగితే మెట్లన్నీ దిగి, ఆ పనిముట్టు చేసిన కమ్మరి దగ్గరికే పోవాలి. ఒకరి కామ ఇంకొకరి పారకు పట్టదు. ఆ దేశపు కమ్మరులకు అదొక గొప్ప. కామ దూరే బెజ్జం ఎవరిది వారిదే.

భరణి కార్తె వచ్చింది. మళ్ళు చూస్తే పావు వంతు కూడా కాలేదు. గురవమ్మ కొండ దిగి ఓబులాచారి కొలిమికి వెళ్ళింది. చుట్టుపక్కల కమ్మరులలో ఆయనే పెద్ద.

"ఆచారిగారూ, మనిషికి కామ ఒక్కటే ఉండాలి. తలలు ఏడుండాలి. ఏ పనికి ఆ తల తొడుక్కుని, పని కాగానే తీసేయాలి. తలలు బుట్టలో పడతాయి, కామ చేతిలో ఉంటుంది" అంది.

ఓబులాచారి సుత్తి దించాడు. "తలలు మార్చుకునేవాణ్ణి ఎక్కడైనా చూశావటమ్మా?"

"తలలు మార్చేవాణ్ణి చూడలేదు గాని, తలపాగాలు మార్చేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గదండీ."

కొలిమి తిత్తి ఊదే ఆవిడ, ఓబులాచారి భార్యే, కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు గాని ఒప్పుకున్నాడు. పని పెద్దది కాబట్టి ఎగువపల్లె కమ్మరిని, దిగువపల్లె కమ్మరిని కూడా పిలిపించాడు. ముగ్గురూ కూర్చుని, తలల బెజ్జాలన్నీ రెండు బొటనవేళ్ళ వెడల్పు ఉండాలని తీర్మానించి లేచారు.

పదిరోజులకు బుట్టలు కొండెక్కాయి. ఓబులాచారి తల ఓబులాచారి కామకే పట్టింది. ఎగువపల్లె తలలో కామ దూరనే లేదు. దిగువపల్లె తలలో కామ లొడలొడలాడింది. కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఓబులాచారి బొటనవేలు సుత్తిలా బల్లపరుపు. ఎగువపల్లె కమ్మరిది సన్నం. దిగువపల్లె కమ్మరి వేలు చిన్నప్పుడే సుత్తి దెబ్బకు దాగలి మీద చితికి రెండింతలైంది.

"కొలత తప్పలేదమ్మా. మా తాత నేర్పిన బొటనవేలు కొలతతోనే చేశాను. ఆయన చేసిన పారలు ఈనాటికీ పొలాల్లో ఆడుతున్నాయి" అన్నాడు ఓబులాచారి.

"పారలు ఆడుతున్నాయి. తాతగారి వేలేదీ?" అంది గురవమ్మ.



గురవమ్మ ఒక చింతకర్ర ముక్క గుండ్రంగా చెక్కించి ముగ్గురి ముందూ పెట్టింది. "ఇది ఎవరి వేలూ కాదు. దీనికి పట్టేలా చేయండి." ఈసారి తలలన్నీ కామలన్నిటికీ పట్టాయి. నలభైమందీ సంతోషించారు. కృత్తిక కార్తెలో ఒకనాడు అకాలపు జల్లు పడేదాకా సంతోషంగానే ఉన్నారు. తడిసిన కర్ర ఉబ్బింది. ముగ్గురు కామ పట్టుకుని, ముగ్గురు తల పట్టుకుని లాగితే తల ఊడలేదు, మనుషులు వెళ్ళి ముళ్ళకంచెలో పడ్డారు. ఎండ కాయగానే కర్ర ఎండి ఇంకో తంటా వచ్చింది. పార ఎత్తి కొడితే, గుండ్రటి బెజ్జంలో పార గిర్రున తిరిగి కొట్టినవాడి ముఖం చూసింది.

"చూశారా. ఒక కామకు ఒకే తల. పెద్దలు తెలియక పెట్టారా?" అన్నాడు ఎగువపల్లె కమ్మరి. కొందరు తోటమాలులు తలూపారు. ఒకరిద్దరు సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. మిగిలింది పద్నాలుగు రోజులు.

ఆ ఎండలో ఓబులాచారి మూడువందల అరవై మెట్లూ ఎక్కాడు. నలభై ఏళ్ళుగా పనిముట్లు చేస్తున్నవాడికి, వాటిని మోసుకుంటూ మెట్లెక్కడం అదే మొదటిసారి. పైకి చేరి ఒక రాతి మీద కూలబడ్డాడు.

ఊపిరి అందాక అన్నాడు: "కర్రను నమ్మడం మన తప్పమ్మా. కర్ర కొసకు నాలుగు పలకల ఇనుప పొన్ను, గట్టి తొడుగులా, బిగిద్దాం. బెజ్జం కూడా నాలుగు పలకలే. తల తిరగదు, ఉబ్బదు. అడ్డంగా ఒక చీల దిగేస్తే ఊడదు."

"చీల పారేసుకుంటారు" అంది గురవమ్మ.

"తాడు కట్టి వేలాడదీస్తాను."

"నాకు పొడుగు కామ పనికిరాదు. మా తోటమాలుల్లో వెంకులు లాంటి తాటిచెట్టుకు పొట్టి కామ పనికిరాదు. వాడికి నడుము విరుగుతోంది."

దీనికి ఓబులాచారి వెనకే మెట్లెక్కి వచ్చిన దిగువపల్లె కమ్మరి జవాబు చెప్పాడు. కామను రెండు ముక్కలు చేసి, ఒకటి ఇంకొక దానిలో జారేలా ఇనుప గొట్టం పెట్టాలి. గొట్టానికి వరుసగా ఐదు బెజ్జాలు. ఏ బెజ్జంలో చీల పెడితే కామ అంత పొడుగు.

కొలత తప్పకుండా ఓబులాచారి ఒక ఇనుప మచ్చు చేశాడు. నాలుగు పలకల చిన్న కడ్డీ. ముగ్గురూ దానికే చేశారు. కొండ మీద పని పరుగెత్తింది.

మృగశిర కార్తె మొదటినాడు రాజు వచ్చాడు. మళ్ళన్నీ తీరి ఉన్నాయి. ఆయన ఒక కామ అందుకుని దంతె తొడిగాడు, తీశాడు, దోటి తొడిగాడు, పొడుగు చేసి ఒక కొమ్మ వంచి చూశాడు. తోట సంగతి మరిచిపోయాడు.

"ఆచారీ, ఆ మచ్చు నీ ఇంట్లోనే దాచుకో. ఇంకెవరూ చేయకూడదని శాసనం వేయిస్తాను. రాజ్యమంతా నీ గుమ్మానికే వస్తుంది."

ఓబులాచారి వెంటనే జవాబు చెప్పలేదు. అలాంటి మాటకు వెంటనే జవాబు చెప్పేవాడు ఉంటే ఉండవచ్చు, నేను చూడలేదు. ఎగువపల్లె కమ్మరి నేల చూస్తున్నాడు. గురవమ్మ ఓబులాచారి ముఖమే చూస్తోంది. 

"ప్రభూ, మొన్న ఈ మెట్లు ఎక్కాను. ఇక్కడ ఒక చీల విరిగితే నా ఒక్కడి గుమ్మానికి రావడానికి మూడువందల అరవై దిగాలి, మళ్ళీ మూడువందల అరవై ఎక్కాలి. అప్పుడు ఏడు కామలు మోసినదానికీ దీనికీ తేడా ఏముంది? శాసనమే వేయిస్తే, ప్రతి కొలిమిలోనూ ఈ మచ్చు వేలాడాలని వేయించండి."

"మరి నీకు మిగిలేదేమిటి?"

"పని మిగులుతుంది ప్రభూ. ముగ్గురికీ చాలినంత ఉంది."

రాజు చేతిలోని కామను ఇంకోసారి చూసి సరే అన్నాడు. నలభై కుటుంబాలూ కొండ మీదే నిలిచాయి. రాజ్యంలోని ఇరవై కొలిములలో ఇరవై మచ్చులు వేలాడాయి. ఎవరు చేసిన తలైనా ఎవరి కామకైనా పట్టింది.

నా కొలతే కొలత అనుకున్నవాడి పని వాడి గడప దాటదు. కొలతను పదిమందికి పంచినవాడి పని వాడు పోయాక కూడా సాగుతుంది.