నెర్రెగోడ గణపతికి కడుగునీళ్ల అభిషేకం

తెల్లగుండ్లపల్లెలోని నెర్రెగోడ గణపతి ఆలయానికి వచ్చే భక్తులు మొదట అడిగేది ఒకటే. గోపురానికి రంగులు వేశారు, మెట్లకు రాళ్లు పరిచారు, పడమటి గోడకున్న ఇంత నెర్రెను ఎందుకు పూడ్చలేదని. బెత్తెడు వెడల్పున్న ఆ నెర్రెలోంచి వెలగచెట్టు వేరు కనిపిస్తుంది. స్వామి వెలసిన కథంతా అందులోనే ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, సుంకులమ్మ అనే కాపు ఇల్లాలి ఇల్లుండేది. ఆమె కోడలు ఓబుళమ్మ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి వెలగమొక్క తెచ్చి పెరట్లో నాటింది. ఊరికి నీళ్లు కోసెడు దూరం.

"మనుషులకే లేవు, నీ మానుకు యాడ తెస్తావే?" అని అత్త తాగేనీళ్లు చుక్కయినా పోయకూడదని కట్టడి చేసింది.

ఓబుళమ్మ ఎదురు చెప్పలేదు, మానుకోనూ లేదు. కొర్రబియ్యం కడిగిన నీళ్లు కుండలో పట్టి రోజూ మొక్క మొదట్లో పోసింది. మేకలు కొరికితే చుట్టూ కంప నాటింది. పురుగు పడితే బూడిద చల్లింది.

పన్నెండేళ్లకు చెట్టు ఇంటిని మించింది గాని ఒక్క పిందె పట్టలేదు. పైగా పడమటి గోడ నెర్రెలిచ్చింది. సుంకులమ్మ చెట్టు కొట్టించేస్తానంది. సరిగ్గా ఆ ఏడే కొనకొమ్మన మూడు కాయలు కనబడ్డాయి. ఓబుళమ్మ కాళ్లావేళ్లా పడితే, "వినాయక చవితి దాకా చూస్తా. ఆ పొద్దు మునిగేలోగా పండు నా చేతికి రాకుంటే గొడ్డలే" అంది అత్త.

చవితి నాడు వడ్రంగి బ్రహ్మయ్య గొడ్డలితో వచ్చాడు. పండిన వెలగ నేలపడితే పడ్డచోటే ఉంటుంది, పచ్చిదైతే ఎగురుతుంది. తొందరపడి సుంకులమ్మ గడతో రాల్చిన రెండూ ఎగిరి కంపలో పడ్డాయి.

"చూస్తివా నీ మాను సంబడం!"

ఓబుళమ్మ మాను చుట్టూ చేతులు బిగించింది. "మూడోది దానంతటది రాలాల. అంతదాకా గొడ్డలి నామీదే పడాల మామా."

"రాలేది ఎప్పుడు, నేను ఇల్లు చేరేది ఎప్పుడు?" అని బ్రహ్మయ్య గొడ్డలి పక్కనబెట్టి ఆకువక్క తీశాడు.

తక్కిన క్షేత్రాల్లో మాదిరి ఇక్కడ స్వామి ఎవరి కలలోనూ కనబడలేదు. ఓబుళమ్మకు చేతులు తిమ్మిరెక్కాయి, అంతే. అయినా వదల్లేదు. పొద్దు గుట్ట మీదికి వాలిన వేళ కాయ రాలింది. గోడ మొదట్లో పడి, పడ్డచోటే నిలిచింది.

అందుకోబోయిన సుంకులమ్మ వంగినది వంగినట్టే ఆగిపోయింది. వేరు పైకి లేపిన మట్టిలో రాతితొండం! తవ్వి చూస్తే మూరెడు గణపతి, అడుగున పీఠంగా చెట్టు వేరు. గోడ నెర్రెలిచ్చింది స్వామి లేవడం వల్లే.

"నీళ్లు తేవే," అంది సుంకులమ్మ.

"తాగేనీళ్లా అత్తా?"

"నువ్వు రోజూ పోసేటివే తే. పన్నెండేళ్లుగా ఆయప్ప తాగింది అవే గదా!"

తర్వాత ఆ గోడను అలాగే ఉంచి ఇంటిచోట గుడి కట్టారు. నేటికీ స్వామికి తొలి అభిషేకం బియ్యం కడిగిన నీళ్లతోనే, పాలూ తేనే ఆ తర్వాతే. ఇక్కడ వెలగకాయ ఎవరూ కోయరు. రాలినదాన్ని స్వామి ఎదుట మోకాలెత్తు నుంచి వదులుతారు, ఎగరకుంటేనే నైవేద్యం. కొత్తగా మొక్క నాటేవారు, పట్టిన పని పండక విసిగినవారు ఆ అభిషేకజలం చెంబుతో తీసుకెళ్తారు. వారి పని నిలుస్తుందని నమ్మకం.

నెర్రె మాత్రం పూడ్చరు. అడిగినవారికి అర్చకులు వేరు చూపించి చెబుతారు: "స్వామి ఇంకా లేస్తానే ఉండాడు."